ఆకురాల్చే సైప్రసా, తెల్లమద్దా: గట్టు మీద ఏది నాటాలి?

ప్రతి డిసెంబర్‌లోనూ మా చుట్టాల్లో ఎవరో ఒకరు నాకు అదే ఫొటో పంపిస్తారు. నీళ్లలో నిలబడ్డ చెట్లు, ఇటుక రంగు ఆకు, కింద నీళ్లలో అదే రంగు నీడ. "ఇది మన దగ్గర వస్తుందా?" అని కింద ఒక ప్రశ్న. ఈసారి పంపింది రాయగడలో ఉండే మా బావ. ఆయనకి ఊరి బయట ఎకరంన్నర ఉంది, అందులో చిన్న బంద, అంటే నీటి కుంట, ఉంది, దాని గట్టున రెండు గదుల ఇల్లు కట్టుకోవాలని ఉంది. పోయినేడు పంపింది పర్లాకిమిడి పిన్ని. ఇద్దరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతి ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఒడిశాలో కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం వైపు ఉన్న మనవాళ్లకి పనికొస్తుంది.

ఫొటోలోది బాల్డ్ సైప్రస్. బాల్డ్ అంటే బోడి. చలికాలంలో ఆకంతా రాల్చేసి బోడిగా నిలబడుతుంది కాబట్టి ఆ పేరు. పుట్టిల్లు అమెరికా ఆగ్నేయ భాగంలోని చిత్తడి నేలలు. లూసియానాకి అది రాష్ట్ర వృక్షం. పైన్, దేవదారు లాగా ఇదీ కోనిఫరే, శంకులు కాస్తుంది. కాకపోతే కోనిఫర్లు దాదాపు అన్నీ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి, ఆకు రాల్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: లార్చ్, గోల్డెన్ లార్చ్, డాన్ రెడ్‌వుడ్, బాల్డ్ సైప్రస్, చైనా చిత్తడి సైప్రస్. గింకోని కూడా కొందరు ఈ జాబితాలో కలుపుతారు, అది కోనిఫర్ కాదు, దాని వంశమే వేరు.

మన సరుగుడు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సూదుల్లాంటి ఆకున్న ప్రతి చెట్టునీ మనవాళ్లు సరుగుడు అంటారు, ఒడియావాళ్లు ఝావు అంటారు. సరుగుడు కోనిఫర్ కానే కాదు, పూలు పూసే చెట్టు. మనకి సూదుల్లా కనిపించేవి కూడా సన్నటి కొమ్మలే, ఆకులు వాటి కణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి.

ముందు తీసేయాల్సినవి

లార్చ్‌ని వెంటనే మర్చిపోండి. మన దేశపు అడవుల్లో సహజంగా పెరిగే ఆకురాల్చే కోనిఫర్ హిమాలయన్ లార్చ్. సిక్కిం, అరుణాచల్ వైపు 3,000 మీటర్లకి అటూఇటూ పెరుగుతుంది. మన దేవమాలి కొండ ఒడిశాలోనే ఎత్తయినది, దాని శిఖరం 1,672 మీటర్లు. లార్చ్ ఉండేచోటుకి సగమే ఎక్కాం. గోల్డెన్ లార్చ్‌దీ, చైనా చిత్తడి సైప్రస్‌దీ మొక్క దొరకడమే కష్టం. రెండోది దాని సొంత దేశాల్లోనే అంతరించిపోయే దశలో ఉంది.

మిగిలినవి మూడు. డాన్ రెడ్‌వుడ్, బాల్డ్ సైప్రస్, దాని మెక్సికో చుట్టం మాంటెజుమా సైప్రస్.

డాన్ రెడ్‌వుడ్ కథ నాకు భలే ఇష్టం. 1941లో జపాన్ శాస్త్రవేత్త షిగెరు మికి రాళ్లలో మిగిలిన ఆకు ముద్రలు చూసి, ఇది ఎప్పుడో అంతరించిపోయిన జాతి అని దానికి పేరు పెట్టాడు. అదే దశాబ్దంలో చైనాలో, హుబే, సిచువాన్ సరిహద్దు వైపు ఒక ఊళ్లో బతికున్న చెట్టు కనిపించింది. 1948లో హు, చెంగ్ అనే ఇద్దరు చైనా శాస్త్రవేత్తలు దాన్ని లోకానికి పరిచయం చేశారు. ఆ ఏడాదే అమెరికాలోని ఆర్నాల్డ్ అర్బొరేటమ్ అనే వృక్షాల తోట విత్తనాలు తెప్పించి దేశదేశాలకీ పంచింది. పోయిందనుకున్న చెట్టు ఇప్పుడు చైనాలో రోడ్ల వెంట కిలోమీటర్ల కొద్దీ బారులు తీరి ఉంది.

కథ బాగుందని నాటేయకండి. వేసవిలో నేల పొడిబారితే దీని ఆకు అంచులు మాడిపోతాయి. కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి ఎత్తుల్లో, అంటే 800, 900 మీటర్ల మీద, రోజూ నీళ్లు పెట్టగలిగితే ప్రయత్నించొచ్చు. రాయగడ 200 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి మే నెల ఎండకి దీన్ని పెట్టి మొక్కని ఏడిపించడం ఎందుకు?

డాన్ రెడ్‌వుడ్‌నీ, బాల్డ్ సైప్రస్‌నీ నర్సరీల్లో తరచూ కలిపేస్తారు కాబట్టి తేడా పట్టడం నేర్చుకోవాలి. చాలా తేలిక. ఒక చిన్న రెమ్మ తుంచి అరచేతిలో పరుచుకోండి. రెండింటి ఆకూ చింతాకు కంటే సన్నగా, ఈకలా, లేత పచ్చగా ఉంటుంది. సన్నటి ఆకులు కాడకి రెండు పక్కలా ఎదురెదురుగా, జతలు జతలుగా ఉంటే డాన్ రెడ్‌వుడ్. ఒకటి ఇటు, కాస్త పైన ఒకటి అటు, మెట్లెక్కినట్టు ఉంటే బాల్డ్ సైప్రస్. కొంచెం పెద్ద చెట్టయితే కాండం చూడండి. డాన్ రెడ్‌వుడ్‌కి కొమ్మ మొదలయ్యే చోట కింద చంకలాంటి గుంట ఉంటుంది, పిల్లలు వేళ్లు దూర్చి ఆడుకునేంత.

మాంటెజుమా సైప్రస్ మెక్సికో జాతీయ వృక్షం. వఖాకా రాష్ట్రంలో తూలే అనే ఊళ్లో చర్చి పక్కన ఒకటుంది. 2005లో కొలిస్తే దాని మొదలు చుట్టుకొలత 42 మీటర్లు. ఎండకీ, కొంచెం సున్నపు నేలకీ ఇది బాల్డ్ సైప్రస్ కంటే ఓర్చుకుంటుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం లాంటి వేడి ప్రాంతాలకి ముగ్గురిలో ఇదే నయం. కానీ వెచ్చటి చోట ఇది ఆకు సరిగా రాల్చదు. పాతాకు మీదే కొత్తాకు వచ్చేస్తుంది, ఇటుక రంగు కనపడదు. మా పిన్నికి ఈ మాట చెప్పగానే "అయితే నాకెందుకురా అది, రంగు కోసమే కదా అడిగాను" అంది. రంగు కోసమే అయితే నిజంగానే వద్దు.

కాబట్టి మనలో చాలామందికి ప్రశ్న బాల్డ్ సైప్రస్ దగ్గరే ఆగుతుంది. నా ఉద్దేశంలో దానికి అసలు పోటీ మరో విదేశీ చెట్టుతో కాదు, గెడ్డల పక్కన మనకి ఎప్పట్నుంచో ఉన్న తెల్లమద్దితో.

ఆగస్టు ఫొటో, ఏప్రిల్ నేల

నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. సెమిలిగుడ దగ్గర మా మావయ్యగారి తోటలో బంద గట్టున మూడు మొక్కలు పెట్టాను. అది వానాకాలం, బంద నిండుగా ఉంది, నేల బురదగా ఉంది, చిత్తడి చెట్టుకి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. మొదటి ఏడాది బాగానే వచ్చాయి. రెండో ఏప్రిల్‌లో బంద అడుగు పగుళ్లు తీసింది. ఆ పగుళ్ల పక్కనే ఉన్న మొక్క, అప్పుడే వేసిన చిగురంతా ఎర్రగా మాడ్చుకుని, రెండు వారాల్లో పోయింది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. దాని సొంత దేశంలో చలికాలం, వసంతం నెలల్లో నదులు పొంగి చిత్తడి నేలల్లోకి నీళ్లొస్తాయి, వేసవిలో వానలు పడతాయి. అంటే చిగురేసే కాలంలో కాళ్ల దగ్గర నీళ్లుంటాయి. మనకి తిరగేసి ఉంటుంది. చెరువులు ఆగస్టు నుంచి నవంబర్ దాకా నిండుగా ఉంటాయి, ఈ చెట్టు చిగురేసి ఆకలి మీదుండే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండిపోతాయి. నీళ్లు ఎక్కువైతే ఈ చెట్టు లెక్కచేయదు, నెలల తరబడి మొదలు మునిగి ఉన్నా బతుకుతుంది. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో 1811, 1812 భూకంపాలకి నేల కుంగి రీల్‌ఫుట్ అనే సరస్సు ఏర్పడితే, ఇప్పటికీ ఆ నీళ్లలోనే సైప్రస్‌లు నిలబడి ఉన్నాయి. చైనావాళ్లు దీని సంకర జాతిని పెద్ద జలాశయాల అంచుల్లో, నీళ్లు ఎక్కి దిగే చోట్ల నాటుతున్నారు. తక్కువైతేనే చిక్కు, అదీ మొదటి నాలుగైదేళ్లలో.

అందుకని నేనిచ్చే సలహా ఒకటే ప్రశ్న. ఏప్రిల్ నెలాఖరున మీ గట్టు కింద మూరెడు తవ్వితే చేతికి తడి తగులుతుందా?

తగిలితే బాల్డ్ సైప్రస్ ధైర్యంగా నాటండి. తగలకపోతే, బోరు నీళ్లు డ్రిప్ ద్వారా ఇవ్వగలిగితే నాటండి. రెండూ లేకపోతే తెల్లమద్ది నాటండి, అది దాని సొంత కాలం ప్రకారమే ఎండల్ని దాటేస్తుంది.

కోరాపుట్ కొండల్లో ఒక సౌకర్యం ఉంది. రెండు మెట్టల మధ్య ఊట నీళ్లు పారే లోయని మెట్లు మెట్లుగా మడులు చేసి వరి పండిస్తారు, ఝోలా అంటారు. మంచి ఝోలాలో నడి వేసవిలో కూడా సన్నటి పాయ పారుతూనే ఉంటుంది. బాల్డ్ సైప్రస్‌కి ఈ జిల్లాల్లో అంతకంటే మంచి చోటు లేదు. పైగా అక్కడి ఎర్రమట్టి పులుపు గుణమున్న నేల. ఈ చెట్టుకి అదే కావాలి, సున్నం ఎక్కువున్న నేలలో ఆకు పసుపుబారిపోతుంది. కానీ ఝోలా అంటే ఊరికి అన్నం పెట్టే భూమి. దాని మధ్యలో నాటి వరి మీద నీడ పడేస్తే పక్కవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఊట మొదలయ్యే తలకట్టు దగ్గర ఒకటో రెండో, ఉత్తరం గట్టు మీద, నీడ మడుల మీద పడకుండా పెట్టుకోవాలి. మా మావయ్యగారి తోటలో మిగిలిన చెట్టు అలాంటి చోటే ఉంది. ఆరేళ్లకి రెండు మనుషుల ఎత్తు దాటింది.

ఆకు ఎప్పుడు రాలుతుందన్నదే అసలు లాభం

ఆకురాల్చే చెట్లు మనకి కొత్తా? టేకు లేదా, ఇప్ప లేదా? ఉన్నాయి. కానీ టేకు ఎప్పుడు బోడిగా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మాఘం, ఫాల్గుణంలో రాల్చేసి, తొలకరి దాకా ఎండలో కర్రలా నిలబడుతుంది. నీడ కావాల్సిన రోజుల్లో నీడ ఉండదు. అది దాని బుద్ధి, నీళ్లు లేని రోజుల్లో ఆకు మోయడం దండగ అనుకుంటుంది.

బాల్డ్ సైప్రస్ చలిని బట్టి రాలుస్తుంది. మావయ్యగారి తోటలో డిసెంబర్ మధ్యలో ఆకు ఇటుక రంగుకి తిరుగుతుంది, సంక్రాంతికి దాదాపు బోడి, శివరాత్రి దాటాక చిగురు. కోరాపుట్ మీదుగా వెళ్లే రైల్లో జనవరి పొద్దున కిటికీ తీసినవాళ్లకి తెలుసు అక్కడి చలి, రాత్రిపూట పది డిగ్రీల లోపుకి దిగిపోతుంది. ఆ నెలలో వాకిట్లో ఎండ పడటం ఎంత సుఖమో అక్కడున్నవాళ్లకే తెలుసు. ఇంటికి దక్షిణాన, పడమటన ఈ చెట్టు ఉంటే జనవరి ఎండ కొమ్మల మధ్య నుంచి అరుగు మీదకి వస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి అదే చెట్టు పచ్చగా ఉంటుంది. నీడ కూడా మర్రి నీడలా చిక్కగా ఉండదు, జల్లెడ పట్టినట్టు పడుతుంది, కింద గడ్డి పెరుగుతుంది, పసుపు, అల్లం వేసుకోవచ్చు. ఇల్లు, తోట అందంగా ఉండాలనుకునేవాళ్లకి ఈ చెట్టు వల్ల కలిగే లాభాల్లో నేను దీన్నే మొదట పెడతాను, రంగుని తర్వాత పెడతాను. ఎందుకంటే రంగు ఉండేది రెండు, మూడు వారాలు. ఆ ఏడాది చలి మెత్తగా ఉంటే అదీ నీరసంగా, గోధుమ రంగులో పోతుంది. రాయగడ ఎత్తులో అయితే ఆకు ఆలస్యంగా, కొంచెం కొంచెంగా రాలుతుందనే అనుకోండి. బతకడానికి మాత్రం పెద్ద చలి అక్కర్లేదు, ఫ్లోరిడా దక్షిణ కొసలో కూడా అడవులుగా ఉంది.

రాలిన ఆకు ఊడ్చే బాధ కూడా తక్కువ. సన్నటి రెమ్మలతో సహా రాలి, మట్టిలో కలిసిపోతుంది. కదంబం ఆకుతో పోల్చండి. అరచేతి కంటే పెద్ద ఆకులు, రాలితే వాకిలి నిండిపోతుంది, వాన పడితే జారుతుంది. చేపలు పెంచే చిన్న బంద అయితే మాత్రం నాలుగు గట్ల మీదా సైప్రస్ వేయకండి. ఆకు నానితే నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. ఒక పక్కన వేసుకోండి చాలు.

ఇక తెల్లమద్ది. నదుల వెంట, గెడ్డల వెంట దానంతటదే మొలిచే చెట్టు. నున్నటి లేత బూడిద రంగు మాను, పెచ్చులు పెచ్చులుగా బెరడు ఊడుతుంది, కింద లేత గులాబీ రంగు బయటపడుతుంది. ఐదు రెక్కల కాయ. దసలి పట్టు పురుగుకి దీని ఆకు తిండి. గుండెకి మంచిదని బెరడు కషాయం కాచుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, దానివల్ల ఒక నష్టం ఏమిటంటే ఊరికి దగ్గరగా ఉన్న మద్దిని బెరడు ఒలిచి ఒలిచి చంపేస్తారు. ముంపుకి ఓర్చుకుంటుంది, ఎండకి ఓర్చుకుంటుంది, పిట్టలు చేరతాయి, నర్సరీలో చవకగా దొరుకుతుంది. వేసవి మొదట్లో పాతాకు రాలినా బోడిగా ఉండే రోజులు కొద్దే. కొమ్మలు అడ్డంగా విస్తరిస్తాయి కాబట్టి స్థలం ఎక్కువ కావాలి. చలికాలంలో ఎండకి దారివ్వదు. ఆకారం గోపురంలా ఉండదు, కొమ్మలు వేలాడుతూ గుబురుగా ఉంటుంది. నిజం చెప్పాలంటే ఎకరం కంటే ఎక్కువ చోటున్న ఎవరికైనా నేను ముందు రెండు తెల్లమద్దులు వేయమనే చెబుతాను, ఆ తర్వాతే సైప్రస్ మాట.

కడిమి, అదే కదంబం, తొందర ఉన్నవాళ్లకి. నాలుగేళ్లలో ఇంటి ఎత్తు దాటుతుంది, వానాకాలంలో బంతుల్లాంటి పూలు. కానీ మెత్తటి కర్ర, గాలికి కొమ్మలు విరుగుతాయి. సిల్వర్ ఓక్ కాఫీ తోటలో మిరియాల తీగకి ఆసరాగా సరే, నీరు నిలిచే చోట వద్దు. నీలగిరి గురించి నన్ను అడగకండి.

క్రిస్మస్ చెట్టని గేటు పక్కన పెట్టే అరకేరియా కూడా కోనిఫరే, కానీ ఆకు రాల్చదు, నీరు నిలిస్తే చచ్చిపోతుంది. దాంట్లో ఒక తమాషా ఉంది. కుక్ పైన్ అనే రకం భూమధ్యరేఖ వైపుకి వంగుతుందని 2017లో ఐదు ఖండాల చెట్లు కొలిచి తేల్చారు. అంటే మన దగ్గర దక్షిణానికి. మా జయపురంలో ఒక ఇంటి ముందు చెట్టు వంకరగా ఉందని ఇంటాయన మేస్త్రీని తిట్టడం నేను విన్నాను, పునాది తవ్వినప్పుడు వేరు కొట్టేశావని. పాపం ఆ మేస్త్రీ.

తుపాను మాట

గజపతి, గంజాం వాళ్లకి ఇంకో లెక్క ఉంది. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస, గోపాల్‌పూర్ మధ్య దాటి ఇటు ఉద్దానాన్ని, అటు గజపతి కొండల్ని చితక్కొట్టింది. జీడిమామిడి, పనస, కొబ్బరి వేళ్లతో సహా పడిపోయిన దృశ్యం చూసినవాళ్లు ఇంటి పక్కన చెట్టు పెట్టాలంటే భయపడతారు. ఆ భయం న్యాయమైనదే.

ఈ విషయంలో బాల్డ్ సైప్రస్‌కి మంచి పేరుంది. ఫ్లోరిడాలో తుపానులు పోయాక ఏ చెట్టు పడింది, ఏది నిలిచింది అని వరసగా లెక్కలు తీసిన పరిశోధకులు దీన్ని బాగా నిలిచేవాటిలో చేర్చారు. మొదలు వెడల్పుగా, మడతలు మడతలుగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. సన్నటి ఆకు గాలిని ఆపదు, తనలోంచి పోనిస్తుంది. సరుగుడు తీరం ఇసుకలో గాలికి అడ్డుగా బాగుంటుంది గానీ ఇంటికి ఆనించి పెట్టే చెట్టు కాదు. పర్లాకిమిడి పిన్నికి రంగు రాదని తెలిశాక కూడా నేను మాంటెజుమా వేయమన్నది ఈ మొదలు చూసుకునే. ఆవిడ ఒప్పుకోలేదు, వేప వేసింది. వేప కూడా మంచిదే.

పెరిగాక వచ్చే తలనొప్పి ఒకటుంది. తడి నేలలో ఈ చెట్టు వేళ్ల నుంచి మోకాళ్లలాంటి బొడిపెలు నేల పైకి లేస్తాయి. ఇంగ్లీషులో కూడా వాటిని మోకాళ్లనే అంటారు. వేళ్లకి గాలి అందించడానికని కొందరు, బురదలో పట్టు కోసమని కొందరు, శాస్త్రవేత్తలే ఇంకా తేల్చుకోలేదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, చీకట్లో కాలికి తగిలితే ముచ్చట తీరిపోతుంది. అందుకని నడిచే దారికీ, సెప్టిక్ ట్యాంకుకీ పది మీటర్ల దూరం, ఇంటి గోడకి కనీసం ఏడెనిమిది మీటర్ల దూరం ఉంచండి. పొడి నేలలో ఇవి తక్కువగా వస్తాయి, ఒక్కోసారి అసలు రావు.

కర్ర కోసం నాటాలనుకునేవాళ్లకి ఒక మాట. దీని కర్ర కుళ్లదని పేరున్నది ముసలి చెట్ల చేవకే. నార్త్ కరోలినాలో బ్లాక్ రివర్ ఒడ్డున ఒక చెట్టుకి కనీసం 2,624 ఏళ్లని వలయాలు లెక్కపెట్టి 2019లో ప్రకటించారు. మనం నాటే చెట్టు ఆ చేవ కట్టేసరికి మన మనవల మనవలు కూడా ఉండరు. కర్ర కావాలంటే టేకు వేసుకోండి.

కొనేటప్పుడు

నేను రెండోసారి మోసపోయింది ఇక్కడ. ఒక నర్సరీలో బాల్డ్ సైప్రస్ అని మూడు మొక్కలు ఇచ్చారు. పచ్చగా, ముద్దుగా ఉన్నాయి. సంక్రాంతి వచ్చింది, పోయింది, ఒక్క ఆకు రాలలేదు. తీరా చూస్తే థూజా, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే వేరే కోనిఫర్. ఫోన్ చేస్తే "రెండూ ఒకటే సార్" అన్నారు.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ఈ మొక్కని డిసెంబర్ చివర, జనవరి నెలల్లోనే కొంటాను. ఆకు ఎండి రాలుతూనో, పూర్తి బోడిగానో ఉంటేనే డబ్బులిస్తాను. పచ్చగా నవనవలాడుతుంటే అనుమానించాలి. లోకంలో ఇంకే మొక్కనీ ఇలా కొనం, కదా? బోడి మొక్క బతికుందో లేదో తెలియాలంటే బెరడు మీద గోటితో సన్నగా గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే వదిలేయండి. కడియం వైపు నర్సరీలకి ముందే ఫోన్ చేసి, శాస్త్రీయ నామం టాక్సోడియం అని చెప్పి అడిగితే కాస్త గందరగోళం తగ్గుతుంది. మాంటెజుమాది కూడా అదే ప్రజాతి కాబట్టి ఏ రకమో విడిగా అడగండి.

విదేశీ వెబ్‌సైట్లలో విత్తనాలు చవకగా కనిపిస్తాయి. తొందరపడకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయటి దేశాల నుంచి విత్తనం తెప్పించాలంటే దిగుమతి అనుమతీ, అక్కడి ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి. కవర్లో వచ్చే విత్తనానికి ఆ రెండూ ఉండవు. మన దేశంలోనే ఎవరి దగ్గరైనా చెట్టుంటే గుండ్రటి శంకులు అడిగి తెచ్చుకోండి, గచ్చకాయ కంటే కాస్త పెద్దగా ఉంటాయి. విత్తనాన్ని తడి కొబ్బరి పొట్టులో కలిపి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో రెండు మూడు నెలలు ఉంచాలి. చలి తగలకపోతే మొలక సరిగా రాదు. మా ఇంట్లో ఆ డబ్బాని మా ఆవిడ రెండుసార్లు పాత చింతపండనుకుని పారేయబోయింది. మూత మీద పేరు రాసుకోండి.

ఇంకో సంగతి, మొలక నీటి అడుగున రాదు. తడిగా ఉండాలి, మునిగి ఉండకూడదు. నీళ్లలో నిలబడటం చెట్టయ్యాక చేసే పని.

జనవరిలో కొన్న మొక్కని వెంటనే నాటకుండా, సంచితోనే అర జానెడు నీళ్లున్న తొట్టిలో పెట్టి వేసవి దాటించండి. వేరే మొక్కయితే వేరు కుళ్లిపోతుంది, దీనికి అదే ఇష్టం. జూన్ చివర్లో, రెండు వానలు పడ్డాక గట్టు మీద నాటితే అక్టోబర్ దాకా నాలుగు నెలలు వేరు దిగడానికి దొరుకుతాయి. మొదలు చుట్టూ జానెడు మందాన ఎండుగడ్డి పరవండి, కాండానికి తగలకుండా. ఎర్రమట్టిలో చెదలు పడతాయి, చూసుకుంటూ ఉండాలి. మేకలున్న ఊరైతే వెదురు దడి తప్పదు. కొండల మీద పోడు మంటలు పెట్టే వైపయితే చుట్టూ రెండు బారల మేర ఆకు ఊడ్చేయండి. దీని బెరడు పల్చన, మంటకి తట్టుకోదు. లేత చెట్టు కాలినా, విరిగినా మోడు నుంచి మళ్లీ చిగురేసే గుణం మాత్రం ఉంది, పైన్‌లకి సాధారణంగా లేనిది.

బావకి చివరికి ఏం చెప్పానంటే, ఆయన బంద ఫాల్గుణానికే అడుగంటుతుంది కాబట్టి గట్టు మీద తెల్లమద్దులు రెండు. బాల్డ్ సైప్రస్ మీద మనసు అంతగా ఉంటే ఒక్కటే, బోరు తొట్టి పొర్లే చోట, స్నానాల గది నీళ్లు కూడా అటు మళ్లించి. ఒప్పుకున్నాడు. మద్దులు వేసేశాడు కూడా. సైప్రస్ ఈ జనవరికి తెస్తాను.

తెచ్చిచ్చాక ఆయనకి చేయాల్సిన పని ఇంకోటి ఉంది. మావయ్యగారి తోటలో మొదటి చలికాలం మా అత్త "ఏటిరా, ఎండిపోయిన కర్రకి నీళ్లు పోస్తన్నావు?" అని నవ్వింది. ఆ మర్నాడే తోట పనివాడు శుభ్రం చేస్తూ మూడింటిలో ఒకటి పీకి పొయ్యి దగ్గర పడేశాడు. గీకి చూస్తే లోపల పచ్చగానే ఉంది, అప్పటికే వేరు తెగిపోయింది. అందుకని మొదటి రెండు చలికాలాలు మొక్కకి ఎర్రగుడ్డ పేలిక కట్టి, ఇంట్లో వాళ్లకీ, పనిలోకి వచ్చేవాళ్లకీ చూపించి చెప్పాలి, ఇది చావలేదని.